ఎక్కడ ఆగింది?

చెల్లీ, రాత్రి నువ్వు ఫోను పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. "అక్కా, భిన్నాల దగ్గర్నుంచి మళ్ళీ నేర్చుకోవాలంటే సిగ్గుగా ఉంది. క్లాసులో అందరూ మా పెద్దాడి ఈడు వాళ్ళే" అన్నావే, మూడేళ్ళ కిందట అచ్చంగా అదే మాట నేనూ అనుకున్నాను. మనసులో అనుకోవడమే గానీ పైకి అనలేదు. వినేవాళ్ళు ఉంటారని తెలీదు. పిల్లల్ని బడి దగ్గర దింపేసి, అక్కడే కారు ఆపుకుని, కాలేజీ దరఖాస్తు తెరవడం, పేరూ పుట్టినతేదీ నింపి మూసేయడం. అలా ఎన్ని ఉదయాలు గడిచాయో! ఇక్కడ కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, శాన్ హోసే, డబ్లిన్ చుట్టుపక్కల మనలాంటి వాళ్ళు చాలామందే ఉన్నారు. అందుకే నీకు హడావుడిగా చెప్పిందంతా ఇవాళ కాఫీ కలుపుకుని తీరిగ్గా, వాళ్ళకీ వినబడేలా చెబుతాను.

ముందు నా సంగతి. మాది తెనాలి. ఎనిమిదో తరగతిలో ఒకరోజు బోర్డు మీద సమీకరణం నడుస్తోంది. ఇటున్న అయిదు అటు వెళ్ళింది, ప్లస్సు కాస్తా మైనస్సయింది. లేచి నిలబడి, "గుర్తు ఎందుకు మారిందండీ?" అని అడిగాను. "పక్షాంతరం చేస్తే గుర్తు మారుతుంది. అంత కూడా తెలీదా? రాసుకో" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ మాస్టారిది తప్పని ఇప్పుడు అనను. అరవైమంది పిల్లలు, నలభై నిమిషాలు, పూర్తిచెయ్యాల్సిన సిలబస్. కానీ ఆ రోజు కూర్చున్నదాన్ని, మళ్ళీ లెక్కల క్లాసులో లేవలేదు. ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ వైపు చూడకుండా సీఈసీ తీసుకున్నాను. తర్వాత బీకాం, పెళ్ళి, విమానం, ఇద్దరు పిల్లలు. పాతికేళ్ళపాటు నాకు లెక్కలు రావని నేనే అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. నిజానికి నాకు రానిది లెక్కలు కాదు, అడగడం.

కమ్యూనిటీ కాలేజీ అంటే మనవాళ్ళలో ఒక చిన్నచూపుంది, నువ్వూ వినే ఉంటావు. "అదేం కాలేజీ, ఎవరినైనా చేర్చుకుంటారు" అంటారు. అవును, ఎవరినైనా చేర్చుకుంటారు. దాని గొప్పంతా అదే. 1901లో ఇలినాయ్ రాష్ట్రంలో జోలియెట్ అనే ఊళ్ళో, ఒక హైస్కూలును ఆనుకుని ఇలాంటి కాలేజీ మొదలైంది. ఇప్పుడు ఒక్క కాలిఫోర్నియాలోనే 116 ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు. ప్రవేశ పరీక్ష లేదు, ర్యాంకు లేదు, ఆపైన వయసెంతని అడిగేవాళ్ళు లేరు. రెండేళ్ళు ఇక్కడ చదివి, ఆ యూనిట్లు పట్టుకుని యూనివర్సిటీలో మూడో ఏడాదిలో చేరినవాళ్ళు ఎందరో. రాష్ట్రవాసులకి యూనిట్‌కి 46 డాలర్లు, 2012 నుంచి అంతే. నాలుగు యూనిట్ల స్టాటిస్టిక్స్‌కి 184 డాలర్లు, పైన చిల్లర ఫీజులు. కాలిఫోర్నియాకి కొత్తగా వచ్చినవాళ్ళకి మాత్రం వచ్చి ఏడాది నిండేదాకా ఫీజు ఎన్నోరెట్లు పడుతుంది, అంచేత ఆ గడువు చూసుకుని చేరడం నయం. ఆదాయం తక్కువున్న రాష్ట్రవాసులకి ఆ 46 కూడా మాఫీ చేసే ప్రామిస్ గ్రాంట్ ఉంది. హెచ్4 వీసా మీద ఉన్నాను కదా అని ఆగకు. ఉద్యోగానికి పర్మిట్ కావాలి గానీ చదువుకి అక్కర్లేదు.

నువ్వు భయపడ్డ ఆ ప్లేస్‌మెంట్ పరీక్ష ఇప్పుడు లేదు, అది కూడా చెప్పాలి. పూర్వం చేరగానే ఒక పరీక్ష పెట్టి, తక్కువొస్తే కింది మెట్టు మీద కూర్చోబెట్టేవారు. అంకగణితం, ప్రీ-ఆల్జీబ్రా, ఎలిమెంటరీ ఆల్జీబ్రా, ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా అని మెట్లుండేవి. ఒక్కోదానికి ఒక సెమిస్టరు. డిగ్రీకి పనికొచ్చే అసలు కోర్సు ఆ పైన. అడుగునుంచి ఎక్కాలంటే రెండేళ్ళు ఎక్కడమే. ఒక చిన్న లెక్క వేద్దాం రా. వందమంది అడుగు మెట్టు మీద మొదలుపెట్టారనుకో. ప్రతి మెట్టు దగ్గరా పదిమందిలో ముగ్గురే ఆగిపోయారనుకో, అదేం పెద్ద నష్టంలా కనబడదు. మొదటి మెట్టు దాటేసరికి 70. రెండోది దాటితే 49. మూడోది, 34. నాలుగోది దాటి అసలు కోర్సు గుమ్మం ముందు నిలబడేది 24 మంది. మిగతా 76 మందికీ తెలివి లేక కాదమ్మా, మెట్లు ఎక్కువై. ఒకరికి కాన్పు వచ్చి ఉంటుంది, ఒకరికి షిఫ్టు మారి ఉంటుంది, ఒకరి మామగారికి ఒంట్లో బాగుండక ఊరెళ్ళి ఉంటారు.

2017లో వచ్చిన ఏబీ 705 అనే చట్టం ఈ మెట్లని చాలావరకు తీసేసింది. హైస్కూలు మార్కులు, చదివిన కోర్సులు చూసి నేరుగా అసలు కోర్సులోకి పంపాలి, దాన్ని ఒక్క ఏడాదిలో దాటే అవకాశం అందరికీ ఇవ్వాలి అంటుందది. 2022లో వచ్చిన ఏబీ 1705 దాన్ని ఇంకా బిగించింది. ఇంజనీరింగ్, సైన్సు వైపు వెళ్ళే పిల్లల్ని సూటిగా కాలిక్యులస్ వైపే నడిపిస్తోంది. దీనిమీద ఇక్కడి లెక్కల మాస్టర్లలోనే గట్టి వాదన ఉంది. ఈత రానివాణ్ణి నడి ఏట్లో దింపడమేనని కొందరంటారు. నేను చట్టం పక్షమే, కానీ ఒక్క షరతు మీద. ఏట్లో దింపితే పక్కన చెయ్యి పట్టుకునేవాడు ఉండాలి. ఆ చెయ్యి పేరే సపోర్ట్ క్లాసు, ట్యూటరింగ్ సెంటరు. అది లేకుండా మెట్లు తీసేస్తే వచ్చేవి గాయాలే.

ఇంత తెలిసినట్టు మాట్లాడుతున్నానా, మొదటి సెమిస్టరులో నేను చేసింది విను. కౌన్సెలర్ చూసి, స్టాటిస్టిక్స్‌తో పాటు వారానికి రెండు గంటల సపోర్ట్ క్లాసు పెట్టుకోమంది. అది రానివాళ్ళ క్లాసని నా మనసుకి తోచింది. వద్దన్నాను. ఆఫీస్ అవర్స్ అని ప్రొఫెసరు ప్రతి క్లాసులో చెప్పేవారు. మనకి ఆఫీసు రూముకి రమ్మంటే తిట్టడానికి పిలిచినట్టే కదా! తలుపు తెరిచి ఉన్నా గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేదాన్ని. ఇంట్లో రాత్రి పదింటికి గిన్నెలన్నీ సర్దాక వంటింటి బల్ల మీద ఒక్కదాన్నే కూర్చుని, వీడియోలు చూసేదాన్ని. చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉండేది. మొదటి మిడ్‌టర్మ్‌లో వందకి 41 వచ్చింది. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనక్కూడా. గడువులోగా కోర్సు వదిలేశాను. మార్కుల పట్టీలో 'డబ్ల్యూ' అని పడుతుంది. అది జీపీఏలోకి రాదు, దాన్ని చూసి జీవితం పోయిందనుకోకు. నేనైతే అనుకున్నాను. రెండు నెలలు ఆ కాలేజీ ఉన్న రోడ్డు మీదుగా వెళ్ళకుండా చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని.

మళ్ళీ ఎందుకు చేరానంటే, మా చిన్నది. నాలుగో తరగతి లెక్క పట్టుకుని వచ్చి "అమ్మా, ఇది రాదు" అంది. ఏడవలేదు, సిగ్గుపడలేదు. దాహమేస్తోంది అన్నంత మామూలుగా అంది. దాని మొహం చూస్తుంటే, ఈ మామూలుతనం నా దగ్గర్నుంచి ఎప్పుడు పోయిందా అనిపించింది. జనవరిలో మళ్ళీ అదే కోర్సు, ఈసారి సపోర్ట్ క్లాసుతో సహా.

ఆ క్లాసులో మొదటి వారమే మమ్మల్నందర్నీ లేవదీసి లైబ్రరీ పక్కనున్న మ్యాథ్ సెంటరుకి నడిపించుకు వెళ్ళారు. దారి చూపించడానికే. చూడు, ఎంత చిన్న పనో! కానీ ఎంతోమంది ఆ తలుపు లోపలికి ఎప్పటికీ వెళ్ళకపోవడానికి కారణం మొదటిసారి ఒంటరిగా వెళ్ళాల్సి రావడమే. లోపల పెద్ద హాలు. గుండ్రటి బల్లలు, చక్రాల మీద తోసుకెళ్ళే తెల్ల బోర్డులు. గుసగుసలు కాదు, మాటలు. సంతలో ఉన్నంత మాటలు. అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. చెయ్యెత్తితే ట్యూటరు వచ్చి పక్కన కూర్చుంటారు.

నా దగ్గరికి వచ్చినవాడికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. వియత్నాం నుంచి చిన్నప్పుడే వచ్చిన పిల్లాడు. కుర్చీ లాక్కుని, ఏం రాదని అడగలేదు. "ఎక్కడ ఆగింది?" అన్నాడు. నాకు కొత్తగా వినబడింది. ఏం రాదు అంటే నా గురించిన ప్రశ్న. ఎక్కడ ఆగింది అంటే లెక్క గురించిన ప్రశ్న. కాయితం అతనివైపు తిప్పి, ఒక వరస మీద వేలు పెట్టాను.

అది భిన్నాల కూడిక. సంభావ్యతలో వచ్చింది. సగం, మూడోవంతు కలపాలి. పైవి కలిపి, కిందివి కలిపి రెండు అయిదో వంతులు అని రాశాను. అతను తప్పనలేదు. "మీ ఇంట్లో కొలత కప్పులు ఉన్నాయా?" అన్నాడు. "అర కప్పు పిండికి ఇంకో మూడోవంతు కప్పు పిండి పోశారు. ఇప్పుడు అరకప్పు కన్నా ఎక్కువుందా, తక్కువుందా?" ఎక్కువే కదా అన్నాను. "మరి రెండు అయిదో వంతులు?" చూశాను. అరకన్నా తక్కువ! పోసినకొద్దీ పిండి తగ్గిపోయింది నా లెక్కలో. ఇరవై ఏళ్ళుగా రోజూ చేతుల్తో కొలుస్తున్న మనిషిని. ఆరోవంతుల్లోకి మారిస్తే సగం అంటే మూడు, మూడోవంతంటే రెండు, మొత్తం ఆరింట అయిదు. హారం ఒకటే అయితే గానీ లవాలు కలపకూడదని నాకు బళ్ళో చెప్పారు, నేనూ రాసుకున్నాను. ఎందుకన్నది ఆ రోజు పిండి కొలిచాకే అర్థమైంది.

చెల్లీ, ఇక్కడ ఒకటి ముందే చెబుతాను, నువ్వు చిరాకు పడకుండా. మన ట్యూషన్ మాస్టారు లెక్క తనే చేసి చూపిస్తారు, మనం ఎక్కించుకుంటాం. ఇక్కడి ట్యూటరు పెన్సిలు ముట్టుకోడు. ముట్టుకోకూడదని వాళ్ళకి ట్రైనింగులోనే చెబుతారు. మనం ఒక మాట అడిగితే తిరిగి మనల్నే అడుగుతాడు. మొదటి వారం నాకు ఒళ్ళు మండింది. చెప్పేస్తే పోయేదానికి ఇంత చుట్టు ఎందుకు తిప్పుతాడు అనుకున్నాను. మూడో వారంలో ఇంటి దగ్గర ఒక లెక్క దగ్గర ఆగిపోయి, నాకు నేనే "ఇది ఎక్కువుండాలా తక్కువుండాలా?" అని అడుక్కున్నాను. అతని ప్రశ్న నా నోట్లోకి వచ్చి కూర్చుంది. అప్పుడు తెలిసింది, అతను నాకు ఇస్తున్నది జవాబులు కాదని.

ఎనిమిదో తరగతి ప్రశ్నకి కూడా జవాబు అక్కడే దొరికింది. ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాను, గుర్తు ఎందుకు మారుతుందని. ఆ అబ్బాయి ఒక తక్కెడ బొమ్మ వేశాడు. మా తాతగారిది కిరాణా కొట్టు. ఆ బొమ్మ చూడగానే బెల్లం వాసన వచ్చినట్టయింది నాకు. ఎడమ పళ్ళెంలో ఒక మూట, అయిదు కిలోల రాయి. కుడి పళ్ళెంలో పన్నెండు కిలోలు. మూట బరువెంతో తెలియాలంటే ఎడమవైపున్న అయిదు కిలోలు తీసేయాలి. తీసేస్తే తక్కెడ ఒరిగిపోతుంది, అందుకని అటునుంచీ అయిదు తీయాలి. మూట ఏడు కిలోలు. అంతే. ఇటునుంచి అటు ఏదీ వెళ్ళలేదు, ఏ గుర్తూ మారలేదు. రెండువైపులా ఒకే పని చేశాం. మా తాతగారు రోజుకి వందసార్లు నా కళ్ళముందు చేసిన పని. బళ్ళో దానిపేరు పక్షాంతరం అయ్యేసరికి నాకు పరాయిదైపోయింది. నాకు ఆ హాల్లోనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్లాడు కంగారుపడి టిష్యూ పెట్టె తెచ్చిచ్చాడు.

భాష సంగతి అడిగావు కదా. ఇంగ్లిష్‌లో అడగలేనేమోనని. నేను ఎక్కాలు తెలుగులోనే చెప్పుకుంటాను, ఇప్పటికీ. ఇక్కడివాళ్ళు భాగహారం వేసేటప్పుడు భాగఫలాన్ని పైన రాస్తారు, మనం కుడిపక్క రాస్తాం. కామా మనం లక్షకి పెడితే వాళ్ళు మిలియన్‌కి పెడతారు. మొదట్లో నా కాయితం ఎవరైనా చూస్తారని అరచెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని, పెదాలు కదలకుండా "ఏడెనిమిదులు యాభై ఆరు" అనుకునేదాన్ని. ఒకరోజు పక్కన ఎవరో సన్నగా గొణుగుతున్నారు. ఆ ట్యూటరే, వియత్నామీస్‌లో లెక్కపెట్టుకుంటున్నాడు. ఎదురుగా కూర్చున్న మెక్సికో ఆవిడ స్పానిష్‌లో. ఎక్కాలు ఎవరికైనా చిన్నప్పుడు నేర్చిన భాషలోనే పలుకుతాయి. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. దాదాపు వెయ్యేళ్ళుగా లెక్క పలుకుతున్న భాష మనది. అందులో గొణుక్కోవడానికి నీకు సిగ్గెందుకు?

నేను స్టాటిస్టిక్స్ చదువుతున్నప్పుడే యూరీ ట్రీస్‌మన్ అనే లెక్కల మాస్టారి గురించి సపోర్ట్ క్లాసులో చెప్పారు. 1970ల్లో ఆయన ఇక్కడికి దగ్గర్లోనే, బర్కిలీ యూనివర్సిటీలో ఉండేవారు. కాలిక్యులస్‌లో నల్లజాతి పిల్లలు చాలామంది తప్పుతున్నారు, చైనా కుటుంబాల పిల్లలు బాగా చేస్తున్నారు. కారణమేంటని తోటి అధ్యాపకుల్ని అడిగితే పట్టుదల లేదని, పునాది లేదని, ఇంట్లో పట్టించుకునేవాళ్ళు లేరని తలో మాటా అన్నారు. ఆయన ఆ మాటలు పక్కనపెట్టి పిల్లల వెంటే తిరిగి, వాళ్ళు చదువుకునే చోటికి వెళ్ళి చూశారు. పట్టుదలకి లోటు లేదు, ఇళ్ళలో ప్రోత్సాహానికీ లోటు లేదు. తేడా ఎక్కడంటే, తప్పుతున్న పిల్లలు గదిలో ఒంటరిగా చదువుతున్నారు. చదువుని, స్నేహితుల్ని వేర్వేరు అరల్లో పెట్టుకున్నారు. నెగ్గుతున్న పిల్లలు ఎవరికి వారు చేసుకుని, సాయంత్రం ఒకచోట చేరి, నీకెంతొచ్చింది, నాకెందుకు రాలేదు అని ఒకరి తప్పులు ఒకరు దిద్దుకుంటున్నారు. ట్రీస్‌మన్ తర్వాత పెట్టిన వర్క్‌షాపుల్లో తేలిక లెక్కలు ఇవ్వలేదు. మామూలువాటికన్నా కష్టమైనవి ఇచ్చి, కలిసి కూర్చోబెట్టారు. పిల్లలు నిలదొక్కుకున్నారు. అది వింటున్నప్పుడు నాకు రాత్రి పదింటి మా వంటింటి బల్ల గుర్తొచ్చింది.

మళ్ళీ మొదటినుంచి అన్న మాట నీకు కష్టంగా ఉంది, తెలుసు. హైమే ఎస్కలాంటే గురించి విన్నావా? బొలీవియాలో లెక్కలు, ఫిజిక్సు పాఠాలు చెప్పిన మాస్టారు. అమెరికా వచ్చేసరికి ఆ చదువు ఇక్కడ చెల్లలేదు, ఇంగ్లిష్ రాదు. హోటల్లో నేల తుడుస్తూ పాసడీనా సిటీ కాలేజీలో, అదీ కమ్యూనిటీ కాలేజీయే, మళ్ళీ విద్యార్థిగా కూర్చున్నారు. ఏళ్ళు పట్టింది. 1974లో తూర్పు లాస్ ఏంజెలెస్‌లో ఒక పేదపిల్లల హైస్కూల్లో చేరారు. 1982లో ఆయన దగ్గర చదివిన 18 మంది ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కాలిక్యులస్ పరీక్ష నెగ్గితే దేశమంతా చెప్పుకుంది, తర్వాత 'స్టాండ్ అండ్ డెలివర్' సినిమా వచ్చింది. పాఠాలు చెప్పినాయనే మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాడు చెల్లీ.

ఇంటి సంగతి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే చాలామంది ఆగేది అక్కడే. ఒక యూనిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, రెండు గంటలు ఇంటిదగ్గర పని అని లెక్క. నాలుగు యూనిట్లంటే వారానికి 12 గంటలు. ఈ సంఖ్య ఇంట్లో ముందే చెప్పు. "కాస్త చదువుకుంటాను" అని మొహమాటంగా చెబితే ఆ కాస్త ఎవరికీ కనబడదు. నేను ఫ్రిజ్ మీద కాయితం అంటించాను, ఏ రోజు ఏ రెండు గంటలు నావో రాసి. అప్పుడు మా అత్తయ్యగారు ఆరు నెలలకని వచ్చి ఉన్నారు. ఆవిడ అయిదో తరగతి దాకా చదివారు. ఆ కాయితం ఏమిటని అడిగి తెలుసుకుని, ఆ గంటలొచ్చేసరికి పిల్లలిద్దర్నీ తీసుకుని పార్కుకి వెళ్ళిపోయేవారు. వెళ్ళేముందు నా బల్ల దగ్గర మజ్జిగ గ్లాసు పెట్టేవారు. ఒక్క మాట మాట్లాడేవారు కాదు.

స్టాటిస్టిక్స్‌లో ప్రపంచం గర్వించే పేరు సి.ఆర్. రావుగారిది. మన తెలుగువారు, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివారు. 2023లో 102 ఏళ్ళ వయసులో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని, ఆ ఏడే కన్నుమూశారు. ఆయన తన పుస్తకం ఒకటి తల్లి లక్ష్మీకాంతమ్మగారికి అంకితమిచ్చారు. చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకోవడానికి నూనెదీపం వెలిగించిపెట్టేదట ఆవిడ. అంతటి మేధావికీ దీపం పెట్టేవాళ్ళు కావలసి వచ్చింది. ఆ సంగతి చదివాక మజ్జిగ గ్లాసు చూసినప్పుడల్లా నాకు లక్ష్మీకాంతమ్మగారే గుర్తొచ్చేవారు.

కాలేజీలో దీపాలు చాలా ఉన్నాయి గానీ, అన్నీ అడిగితేనే వెలుగుతాయి. పాఠ్యపుస్తకం కొనేముందు ఓపెన్‌స్టాక్స్‌లో ఉందేమో ప్రొఫెసర్ని అడుగు. రైస్ యూనివర్సిటీ వాళ్ళు 2012 నుంచి ఉచితంగా ఇస్తున్న పుస్తకాలవి, చాలా క్లాసులు వాటితోనే నడుస్తున్నాయి. గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ వంద డాలర్లు దాటుతుంది, దానికీ తొందరపడకు. లైబ్రరీలో అరువిస్తారేమో కనుక్కో. చదివేటప్పుడు అక్షరాలు తడబడటం, ధ్యాస నిలవకపోవడం లాంటివి ఉంటే డీఎస్‌పీఎస్ అనే విభాగం ఉంది. పరీక్షకి ఎక్కువ సమయం, విడిగా గది ఇప్పిస్తారు. అది దయ కాదు, హక్కు. మన ఇళ్ళలో పిల్లలకి కూడా ఆ మాట ఎత్తడానికి జంకుతాం. దయచేసి జంకొద్దు. ఆఫీస్ అవర్స్‌కి మొదటి వారమే వెళ్ళు, ఏ సందేహం లేకపోయినా పేరు చెప్పి రా. తర్వాత నిజంగా అవసరం పడ్డప్పుడు ఆ గుమ్మం కొత్తగా ఉండదు. వెళ్ళేటప్పుడు ఖాళీ కాయితంతో వెళ్ళకు. తప్పో ఒప్పో నువ్వు చేసినంతవరకు చేసి, ఆగిన చోట గీత గీసి తీసుకెళ్ళు.

పరీక్ష ముందు చేతులు చల్లబడిపోతాయన్నావు. నాకూ అంతే. భయం వేసినప్పుడు, లెక్క చేస్తూ అంకెల్ని పట్టి ఉంచాల్సిన బుర్రలోని చోటుని ఆ భయమే ఆక్రమించేస్తుంది. అందుకే ఇంట్లో వచ్చిన లెక్క అక్కడ రాదు. పరీక్షకి ముందు పది నిమిషాలు ఆ భయాన్నే కాయితం మీద రాస్తే కొందరికి మార్కులు మెరుగయ్యాయని 2011లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. నేను కారులో కూర్చుని తెలుగులో రాసేదాన్ని. "మళ్ళీ 41 వస్తుందేమో, ఆ పిల్లలందరి ముందూ" అని ఏది తోస్తే అది. రాసి మడిచి కారులోనే వదిలి లోపలికి వెళ్ళేదాన్ని. ఆ సెమిస్టరు చివర్లో నాకు బి వచ్చింది. ఆ తర్వాత కాలిక్యులస్‌లో ఏ. రెండింట్లో నాకు ఎక్కువ ఇష్టమైంది ఆ బి.

వర్క్ పర్మిట్ చేతికొచ్చాక, ఆ హాల్లోనే ట్యూటరుగా చేరాను. వారానికి ఎనిమిది గంటలు. సోమ, బుధవారాలు మధ్యాహ్నం కిటికీ పక్క బల్ల నాది. గత వారం ఒక అమ్మాయి వచ్చింది. మెళ్ళో నల్లపూసలు, భుజాన పిల్లల డైపర్ల సంచీ. మూడుసార్లు మా బల్ల చుట్టూ తిరిగింది, నీళ్ళు పట్టుకుంటున్నట్టు, ఎవరికోసమో చూస్తున్నట్టు. నేను తలెత్తలేదు. ఎత్తితే వెళ్ళిపోతుందని నాకు తెలుసు. నాలుగోసారి కూర్చుంది. కాయితం మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపయ్యాక, ఇంగ్లిష్‌లో, చాలా చిన్న సందేహమని, అడగొచ్చో లేదోనని మొదలుపెట్టింది.

"ఎక్కడ ఆగింది?" అన్నాను.

చెయ్యి నెమ్మదిగా తీసింది. పెన్సిలు ఆమె ముందుకి జరిపి ఊరుకున్నాను. తల వంచుకుని వరసలు మొదటినుంచి చూసుకుంటోంది. పెదాలు కదులుతున్నాయి. "ఏడెనిమిదులు..." అని ఆగింది.

"యాభై ఆరు" అన్నాను.